పాత పోస్టు, కొత్త టికెట్: ఒక అభ్యర్థి కేస్ స్టడీ

ఎన్నికల సమయంలో అభ్యర్థుల పాత రాతలు తవ్వి చూడడం నా పని. పార్టీల్లో దీన్ని బ్యాక్‌గ్రౌండ్ చెక్ అంటారు. ఆస్తులు, కోర్టు కేసులు, వ్యాపారాలు చూసేవాళ్లు వేరే ఉంటారు. ఆ మనిషి ఆన్‌లైన్‌లో ఎప్పుడు ఏం రాశారు, ఎవరికి ఏం జవాబిచ్చారు, దేన్ని లైక్ చేశారు, దేన్ని షేర్ చేశారు అన్నదే నా వంతు. ఈ కేసు రాయడానికి అభ్యర్థి ఒప్పుకున్నారు. ఆయన పేరు, పార్టీ, నియోజకవర్గం చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. జరిగిన క్రమాన్ని మాత్రం మార్చలేదు.

ఆయన వృత్తి ఆడిటర్. అందరూ ఆడిటర్ గారూ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. వయసు యాభైకి దగ్గర. అంతకుముందు ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. చదువుకున్నవాడు, చెయ్యి శుభ్రంగా ఉన్నవాడు అని పార్టీ ఏరి కోరి టికెట్ ఇచ్చింది. ఆ పార్టీ మేనిఫెస్టోలో మొదటి హామీ వృద్ధాప్య పింఛను పెంపు. కరపత్రాల మీద, గోడల మీద, ప్రతి సభలో మొదటి పది నిమిషాల్లో అదే మాట. అలాంటి పార్టీ తరఫున నిలబడిన మనిషి 2016లో తన ఫేస్‌బుక్ పేజీలో ఇలా రాశారు: "ఓట్ల కోసం పింఛన్లు పంచుకుంటూ పోతే పన్ను కట్టేవాడి నడ్డి విరుగుతుంది. దాచుకోవాల్సిన వయసులో దాచుకోనివాళ్లని ఊరంతా కలిసి ఎందుకు మోయాలి?"

టికెట్ ప్రకటించిన మర్నాడు నన్ను పిలిచారు. ప్రకటించకముందు పిలవాలి. ఈ మాట ప్రతి పార్టీకీ చెబుతాను, ప్రతిసారీ పేరు బయటికి వచ్చాకే ఫోన్ వస్తుంది. నామినేషన్ల ఉపసంహరణ గడువుకు అప్పటికి 21 రోజులు ఉంది.

గడువు సంగతి

పాత రాతల కేసుల్లో నేను మొదట చూసేది క్యాలెండర్. రాత ఎంత ఘోరంగా ఉందన్నది తర్వాత. అభ్యర్థిని మార్చే వీలు ఏ రోజు వరకు ఉంటుందో ప్రత్యర్థికి కూడా తెలుసు. చేతిలో స్క్రీన్‌షాట్ ఉన్నవాళ్లు ఆ రోజు దాటేదాకా ఆగుతారు.

ఆస్ట్రేలియాలో 2019 ఎన్నికలప్పుడు ఇది కళ్లముందే జరిగింది. నామినేషన్లు ముగిశాక రెండు పెద్ద పార్టీల అభ్యర్థులూ పాత ఫేస్‌బుక్ పోస్టుల వల్ల ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. కానీ పేర్లు బ్యాలెట్ మీద పార్టీ పేరుతో సహా అలాగే ఉండిపోయాయి. అమెరికాలోని నార్త్ కరోలినాలో గవర్నర్ పదవికి పోటీ చేసిన మార్క్ రాబిన్‌సన్ విషయంలో సీఎన్‌ఎన్ కథనం 2024 సెప్టెంబర్ 19న వచ్చింది. ఒక వెబ్‌సైట్‌లో ఏళ్ల కిందట ఆయన రాసినవంటూ కొన్ని వ్యాఖ్యలు బయటపెట్టింది. తప్పుకోవడానికి గడువు ఆ రాత్రితోనే ముగిసింది. ఆయన అవి తనవి కావన్నారు, బరిలోనే ఉన్నారు, నవంబర్‌లో ఓడిపోయారు. బ్రిటన్‌లో 2024 ఫిబ్రవరి నాటి రోచ్‌డేల్ ఉప ఎన్నికది ఆన్‌లైన్ రాత కాదు, ఒక సమావేశంలో అన్న మాటల రికార్డింగు. అయినా పాఠం అదే. లేబర్ పార్టీ తన అభ్యర్థికి మద్దతు వెనక్కి తీసుకునేసరికి నామినేషన్ల గడువు దాటిపోయింది. బ్యాలెట్ మీద ఆయన లేబర్ అభ్యర్థిగానే మిగిలారు. సీటు వేరే పార్టీ అభ్యర్థి జార్జ్ గాలోవేకి వెళ్లింది.

అందుకే 21 రోజుల్ని నేను మూడు ముక్కలు చేసుకున్నాను. వెతకడానికి వారం, నిర్ణయానికి మూడు రోజులు. మిగతాది ఆ నిర్ణయం జనంలోకి వెళ్లడానికి. ఈ లెక్క దాదాపు తప్పబోయింది. ఎందుకో చెబుతాను.

వెతకడం

పింఛను పోస్టు మొదటి రోజే దొరికింది. పేజీ పబ్లిక్‌గా ఉంది, కిందికి జరుపుకుంటూ పోతే కనబడింది. నాకు ఇంత సులువుగా దొరికిందంటే ఎవరికైనా దొరుకుతుందని అర్థం, కాబట్టి అవతలి వర్గం దగ్గర కూడా ఉందనుకునే పని చేయాలి. 2013 అక్టోబర్‌లో భారత ఎన్నికల సంఘం అఫిడవిట్‌లో సోషల్ మీడియా ఖాతాల వివరాలు కూడా ఇవ్వాలని చెప్పిన దగ్గర్నుంచి, ఎక్కడ వెతకాలో ప్రత్యర్థి ఊహించాల్సిన పని కూడా లేదు.

కష్టం అంతా రెండో దశలో. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. పింఛను, పింఛన్, పెన్షన్, పెంచను ఇలా ఈ ఒక్క మాటకే నేను పద్నాలుగు రూపాలు రాసుకుని వెతికాను. ఆ రోజుల్లో పార్టీల్ని, నాయకుల్ని ఏ ముద్దుపేర్లతో వెక్కిరించేవాళ్లో ఆ పేర్లతోనూ వెతకాలి. ఆడిటర్ గారికి పాత ఈమెయిల్ పేరుతో ఇంకో ఖాతా ఉంది, అది ఆయనకే గుర్తులేదు. మూసేసిన వేదికలు పోయాయిలే అనుకోవడం ఇంకో పొరపాటు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి, కానీ అప్పట్లో తీసిన స్క్రీన్‌షాట్లు ఎవరి హార్డ్ డిస్కులో వాళ్లకి ఉన్నాయి. లైకులు కూడా అంతే. 2024 జూన్ నుంచి ఎక్స్‌లో (పాత ట్విటర్) ఎవరు దేన్ని లైక్ చేశారో ఇతరులకు కనబడడం లేదు గానీ, అంతకుముందు పట్టినవి పట్టినట్టే ఉన్నాయి.

నాకు కావలసింది ఆయన సొంత డేటా. ఫేస్‌బుక్‌లో ఎవరి ఖాతా సమాచారం వాళ్లు మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో మనం ఇతరుల పోస్టుల కింద పెట్టిన కామెంట్లు కూడా తేదీలతో సహా ఒక ఫైలుగా వస్తాయి. బయటి నుంచి వెతికేవాడికి సొంత పేజీ కనబడుతుంది గానీ, పరాయి పోస్టు కింద పెట్టిన జవాబు సులువుగా కనబడదు. మొదటి రోజే ఆ ఫైలు అడిగాను. పాస్‌వర్డ్ మర్చిపోయానన్నారు. రెండో రోజు ఫోన్ నంబర్ మారిందన్నారు. మూడో రోజు ప్రచారంలో తీరిక లేదన్నారు. నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. పింఛను పోస్టు దొరికింది కదా, ప్రధాన సమస్య తెలిసిపోయింది కదా అని ఊరుకున్నాను. ఈ కేసులో నా వైపు నుంచి జరిగిన పెద్ద తప్పు అదే.

ఫైలు ఆరో రోజు రాత్రి వచ్చింది. నాలుగు వేల పైచిలుకు కామెంట్లు. పుట్టినరోజు శుభాకాంక్షలు, క్రికెట్, పన్ను రిటర్నుల సలహాలు. తెల్లవారుజామున 2015 చివరి నెలల్లోకి వచ్చేసరికి ఒకటి కనబడింది. ఎవరో పింఛను లైన్లో నిలబడ్డ ముసలావిడ ఫొటో పెట్టారు. ఎండలో గంటల తరబడి నిలబెట్టారని దాని మీద రాశారు. కింద ఆడిటర్ గారి జవాబు: "చెవులకి కమ్మలు మెరిసిపోతున్నాయి, పింఛను లైన్లో ఏం పనమ్మా నీకు?" దాని పక్కన నాలుగు నవ్వు బొమ్మలు.

నా దృష్టిలో కేసు అక్కడ మారిపోయింది.

విభేదం వేరు, చులకన వేరు

పాత రాతల్ని పార్టీలు ఒకే గంపలో వేస్తాయి. "వివాదాస్పద వ్యాఖ్యలు" అని ఒక పేరు పెట్టి, పరువు పోతుందా పోదా అని మాత్రమే చూస్తాయి. నేను రెండుగా విడదీస్తాను. ఒకటి, పార్టీ విధానంతో విభేదించిన రాత. రెండోది, మనుషుల్ని చులకన చేసిన రాత. మొదటిదానికి వివరణ చెల్లుతుంది. రెండోదానికి వివరణ పనికిరాదు, క్షమాపణ ఒక్కటే ఉంది.

కెనడాలో 2015 ఆగస్టులో వారం పది రోజుల తేడాతో ఈ రెండు రకాలూ జరిగాయి. న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ) తరఫున నోవా స్కోషియా రాష్ట్రంలో నిలబడిన మోర్గన్ వీల్డన్, ఇజ్రాయెల్ మీద తాను ఫేస్‌బుక్‌లో రాసినవి పార్టీ విధానానికి సరిపడలేదన్న కారణంతో తప్పుకోవాల్సి వచ్చింది. కాల్గరీలో లిబరల్ అభ్యర్థి ఆలా బుజ్రెబా, టీనేజీలో కోపంతో మనుషుల్ని తిట్టిన ట్వీట్ల వల్ల తప్పుకున్నారు. శిక్ష ఇద్దరికీ ఒకటే. నా ఉద్దేశంలో ఇద్దరి విషయంలోనూ అడగాల్సిన ప్రశ్నలు వేరు. మొదటివాళ్లని, మీరు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారా, అనుకుంటే ఈ పార్టీలో ఎందుకున్నారు అని అడగాలి. రెండోవాళ్లని, అప్పటి మీ వయసెంత, ఆ మనుషులకు తర్వాత ఏం చెప్పారు అని అడగాలి. ఏ ప్రశ్నా వేయకుండా పేరు కొట్టేయడం సులువే. కానీ అలా చేస్తూ పోతే ఎప్పుడూ ఏమీ రాయనివాళ్లు, ఏ విషయం మీదా అభిప్రాయం లేనివాళ్లు మాత్రమే అభ్యర్థులుగా మిగులుతారు. అది రాజకీయాలకు మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆడిటర్ గారి దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, అదీ ఒకే విషయం మీద.

టేబుల్ మీద బోర్లించిన ఫోన్

ఏడో రోజు ఉదయం ఆయన ఆఫీసుకు వెళ్లాను. అభ్యర్థి ఎవరైనా నేను ఒక పని తప్పకుండా చేయిస్తాను. వాళ్లు రాసింది వాళ్ల చేతే పైకి చదివిస్తాను. మనసులో చదువుకుంటే మనిషి తనకు తాను సర్దిచెప్పుకుంటాడు, పైకి చదివితే అది కుదరదు.

2016 పోస్టు గొంతు తగ్గకుండా చదివారు. చదివి, "అప్పుడు నేను అలాగే అనుకునేవాణ్నండీ, ఇందులో దాచేదేముంది" అన్నారు. తర్వాత కమ్మల కామెంట్ ఇచ్చాను. "చెవులకి" అని మొదలుపెట్టి ఆగిపోయారు. మళ్లీ ఆ ఫొటో చూశారు. ఫోన్ టేబుల్ మీద బోర్లించేశారు.

కాసేపాగి, "ఇది నేను రాసింది కాదనుకుంటాను. అప్పట్లో అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారు" అన్నారు.

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఆస్ట్రేలియాలో 2019లో టాస్మేనియా అభ్యర్థి జెసికా వీలన్ కూడా, ముస్లింల మీద రాసిన పోస్టులు బయటికొచ్చినప్పుడు మొదట ఆ స్క్రీన్‌షాట్లను ఎవరో మార్చారన్నారు. మరికొన్ని బయటపడ్డాక తప్పుకున్నారు. అబద్ధం ఒక్కరోజు నిలబడుతుంది, ఆ తర్వాత రాతకంటే అబద్ధమే పెద్ద వార్త అవుతుంది.

నేను వాదించలేదు. ఫైల్లో దాని ముందు కామెంట్, వెనక కామెంట్ చూపించాను. ముందుది వాళ్ల మేనకోడలికి పరీక్ష పాసైనందుకు శుభాకాంక్షలు. పదకొండు నిమిషాల తేడా. "మేనకోడలికి రాసింది మీరే కదా సార్?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేనే రాశానండీ" అన్నారు చివరికి. "అందరూ నవ్వుతారని రాశాను."

ఆ తర్వాత ఆయన చెప్పింది ఈ కేసుకు వెన్నెముక అయింది. 2019లో వాళ్ల ఆఫీసులో ఫైళ్లు చూసే గుమాస్తా తండ్రికి పింఛను ఆగిపోయింది. ఒక కాగితంలో పేరులో ఒక అక్షరం ఎక్కువ ఉంది, ఇంకో కాగితంలో లేదు. ఆయన లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసిచ్చారు. పని కాలేదు. మళ్లీ రాశారు. ఆ పెద్దాయన చేయి పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగారు. తెలిసినవాళ్లు చెప్పుకుని ఇంకొందరు వచ్చారు. "కమ్మలు ఆవిడకి ఉన్న ఒక్క ఆస్తి అయి ఉంటుందని నాకప్పుడు తట్టలేదండీ. లెక్కలు రాసేవాణ్ని, ఆ లెక్క తట్టలేదు" అన్నారు.

"ఆ ఉత్తరాల కాపీలున్నాయా?" అని అడిగాను.

ఆడిటర్ కదా, ఉన్నాయి. ఇన్‌వార్డ్, అవుట్‌వార్డ్ నంబర్లతో సహా. నాలుగేళ్లలో పదకొండు ఉత్తరాలు. మొదటిదాని తేదీ ఆయన పార్టీలో చేరడానికి మూడేళ్ల ముందుది.

నేను ఈ పనిలో ఇన్నాళ్లూ నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఈ తేదీ విలువ. అభిప్రాయం మారిందని ప్రతి అభ్యర్థీ చెబుతాడు. మారిన తేదీ టికెట్ తేదీకి ముందుందా వెనకుందా అన్నదే జనం చూసేది. టికెట్ వచ్చాక మారిన మనసును అవకాశవాదం అంటారు, అనడం న్యాయమే. పార్టీలో చేరడానికే మూడేళ్ల ముందు, ఎవరూ చూడనప్పుడు, లాభమేమీ లేకుండా మారితే అది నిజంగా మారడమే. దానికి కాగితం ఉండాలి. నోటిమాట చాలదు.

పార్టీలో చర్చ

ఎనిమిదో రోజు పార్టీ ఇన్‌చార్జి, సోషల్ మీడియా టీమ్ పెద్ద, నేను, ఆడిటర్ గారు కూర్చున్నాం. ఇన్‌చార్జి మొదటి మాట: "రాత్రికి రాత్రి రెండూ డిలీట్ చేసేయండి."

వద్దన్నాను. పాత పేజీలు భద్రపరిచే వెబ్ ఆర్కైవులున్నాయి. రాజకీయ నాయకులు తొలగించిన ట్వీట్లను దాచి చూపించిన పొలిట్‌వూప్స్ అనే ప్రాజెక్టు 2010లోనే నెదర్లాండ్స్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకింది. ఇవేవీ లేకపోయినా, స్క్రీన్‌షాట్ తీసుకున్నవాడి దగ్గర అది ఉండనే ఉంటుంది. డిలీట్ చేసిన మరుక్షణం అతని చేతిలో ఒకటి కాదు, రెండు వార్తలు ఉంటాయి: ఆయన ఏం రాశారు, ఎప్పుడు దాచారు. రెండోదానికి తేదీ టికెట్ వచ్చిన వారంలోనే పడుతుంది. పైగా మన దగ్గర ఒరిజినల్ లేకపోతే, రేపు ఎవరైనా దాన్ని మార్చి తిప్పినా, ఇది మార్చినదని చూపించలేం.

"అయితే అభ్యర్థిని మార్చేద్దాం" అన్నారు సోషల్ మీడియా టీమ్ పెద్ద. అది తీసిపారేసే మాట కాదు, నేను అందరికంటే ఎక్కువసేపు ఆలోచించింది దాని గురించే. మార్చడానికి ఇంకా సమయం ఉంది. కానీ మార్చినా ఖర్చుంటుంది. బ్రిటన్‌లో 2024 మే నెలలో చింగ్‌ఫర్డ్ అండ్ వుడ్‌ఫర్డ్ గ్రీన్ సీటులో లేబర్ పార్టీ ఫైజా షాహీన్‌ను పాత సోషల్ మీడియా పోస్టులు, లైకుల కారణంగా చివరి నిమిషంలో తీసేసింది. ఆమె స్వతంత్రంగా నిలబడ్డారు. ఆమెకూ, లేబర్ కొత్త అభ్యర్థికీ చెరో 12 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. దాదాపు 17 వేలతో కన్జర్వేటివ్ అభ్యర్థి ఇయాన్ డంకన్ స్మిత్ సీటు నిలబెట్టుకున్నారు. ఆడిటర్ గారు తిరగబడే మనిషి కాదు. అయినా ఆయన వెంట వచ్చిన వాళ్లు ఇంట్లో కూర్చుంటే చాలు, ఫలితం అదే.

మిగిలింది ముందుగా మనమే చెప్పడం. దానికి ఇన్‌చార్జి ఒప్పుకోలేదు. "ఎవరూ అడక్కుండా మనంతట మనమే చెప్పుకుంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండదా?" అన్నారు. సామెత బాగుంది, కానీ గుమ్మడికాయ నిజంగా మన భుజం మీదే ఉంది కదా. అది కనబడకుండా పోయే దారి లేనప్పుడు, దించి పక్కన పెట్టి ఇది నాదే అనడమే మేలు.

చివరికి తేల్చింది ఆడిటర్ గారే. "నేను చెబుతాను. చెప్పనివ్వకపోతే టికెట్ వాపసిస్తాను" అన్నారు. అప్పటిదాకా చర్చలో ఆయన నోరు విప్పలేదు.

క్షమాపణ రాయడం

సోషల్ మీడియా టీమ్ రాసిన మొదటి ముసాయిదా ఇలా మొదలైంది: "గతంలో నేను చేసిన వ్యాఖ్యల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే..." అక్కడే ఆపించాను. ఈ వాక్యం క్షమాపణ కాదు. దెబ్బతిన్నవాళ్లు ఉన్నారో లేరో తెలియదన్నట్టు, తప్పంతా వాళ్ల సున్నితత్వానిదన్నట్టు ఉంటుంది. వ్యాఖ్య ఏమిటో కూడా చెప్పదు. దీన్ని చదివినవాడు వెంటనే ఆ వ్యాఖ్య ఏమిటా అని వెతుకుతాడు.

నేను పెట్టిన షరతులు కొన్నే. రాసిన మాట మాటగా చెప్పాలి, కమ్మలు, నవ్వు బొమ్మలు సహా. రెండు రాతల్నీ కలపకూడదు. పింఛను పోస్టుకు, "అప్పుడు అలా నమ్మాను, ఇప్పుడు నమ్మడం లేదు, ఎందుకంటే" అని కారణం. కామెంట్‌కు కారణం లేదు, "తప్పు" అన్న మాటే. ఉత్తరాల గురించి ఒక్క వాక్యం, గొప్ప చెప్పుకున్నట్టు ఉండకూడదు.

ఆయన రాసుకున్నది ఏడు వాక్యాలు. చివరి మూడు ఇవి: "ఆ పెద్దావిడ ఎవరో నాకు తెలియదు. ఆవిడ కష్టం చూసి నవ్వాను. అది రాసింది నేనే, సిగ్గుపడుతున్నాను." వీడియో కూడా ఆఫీసులోనే తీశాం, మూడు నిమిషాల లోపు. వెనక పార్టీ జెండా పెట్టొద్దన్నాను.

పాత పోస్టు తీసేయలేదు. దాని కిందే ఆయన పేరుతో మొదటి కామెంట్‌గా ఈ కొత్త మాట పెట్టించాం. పాతది ఎవరైనా తెరిస్తే కొత్తది కూడా కనబడాలి.

ఇంతలో పార్టీలో ఎవరికో ఒక ఆలోచన వచ్చింది. ఆ ఫొటోలో ముసలావిడను వెతికి పట్టుకుని, ఆడిటర్ గారి చేత కాళ్లకు దండం పెట్టించి వీడియో తీద్దామని. ఈ కేసులో నేను గొంతు పెంచింది ఇక్కడొక్కచోటే. ఒకసారి ఆవిడను అడక్కుండా ఫొటో తీశారు, రెండోసారి ఆవిడను అడక్కుండా నవ్వారు. మూడోసారి మన అవసరానికి స్టేజీ ఎక్కించడానికి మనమెవరం? ఆలోచన అక్కడితో ఆగింది.

పదో రోజు సాయంత్రం పోస్టు పెట్టాం. మొదటి రెండు రోజులు తిట్లు బాగానే వచ్చాయి. సొంత పార్టీ కార్యకర్తలే ఎక్కువ తిట్టారు, ఎన్నికల ముందు ఇదేం టెన్షన్ అని. నాలుగో రోజుకు చల్లబడింది. దాని గురించి చెప్పడానికి కొత్తగా ఏమీ మిగల్లేదు.

గడువు దాటిన సాయంత్రం

21వ రోజు మధ్యాహ్నం ఉపసంహరణ గడువు ముగిసింది. ఆ సాయంత్రమే మూడు స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలైంది. ఒకటి పింఛను పోస్టు, తేదీ కత్తిరించినది. రెండోది కమ్మల కామెంట్. మూడోది మేం ఎప్పుడూ చూడనిది. 2016 నాటి ట్వీట్ అట, ఒక కులాన్ని పేరు పెట్టి తిడుతూ ఉంది.

మొదటి రెండింటికీ పది రోజుల కిందటి వీడియో లింకు పంపితే సరిపోయింది. మూడోదాన్ని చూసినప్పుడు మాత్రం నా గుండె ఆగినంత పనైంది. మళ్లీ ఏమైనా వదిలేశానా అని. ఆయన్ను అడిగాను. "నాది కాదు" అన్నారు. ఈసారి ఆగకుండా, నా కళ్లలోకి చూస్తూ అన్నారు. అయినా నేను ఆయన మాట మీద ఆధారపడలేదు.

ట్వీట్‌ను అక్షరం అక్షరం లెక్కపెట్టాను. ట్విటర్ పరిమితి 140 అక్షరాల నుంచి 280కి పెరిగింది 2017 నవంబర్‌లో. అప్పట్లో తెలుగు రాసేవాళ్లందరికీ ఆ బాధ తెలుసు, గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొచ్చి నాలుగు ముక్కలు రాసేసరికి గీత దాటేది. ఈ స్క్రీన్‌షాట్‌లో ట్వీట్ అలా లెక్కిస్తే 230 దాటింది. 2016లో అది పోస్టే కాదు. రాత్రి పది గంటలకల్లా ఈ ఒక్క విషయాన్ని నాలుగు వాక్యాల్లో రాసి, లెక్క బొమ్మతో సహా విలేకరులకు, మా గ్రూపులకు పంపాం.

ఇక్కడ జరిగింది నేను ముందుగా ఊహించింది కాదు. విలేకరులు ఆయన ఖండనను ఖండనగానే రాశారు, అనుమానంగా రాయలేదు. ఒకాయన ఫోన్ చేసి, "మిగతా రెండూ తనవేనని అప్పుడే చెప్పిన మనిషి మూడోది కాదంటే నమ్మొచ్చులెండి" అన్నారు. నిజం ఒప్పుకోవడం వల్ల అబద్ధాన్ని కాదనే హక్కు ఆయనకు దక్కింది. డిలీట్ చేసి ఊరుకుని ఉంటే మూడూ ఆయనవే అయ్యేవి.

లెక్కలో రాసుకున్నవి

ఆడిటర్ గారు ఓడిపోయారు. ఆ ప్రాంతంలో ఆయన పార్టీ అభ్యర్థులందరూ ఓడిపోయారు. చివరి పది రోజుల్లో ప్రత్యర్థి సభల్లో పింఛను కామెంట్ మాట ఒక్కసారి కూడా రాలేదని మా టీమ్ రాసుకున్న నోట్సులో ఉంది. నా పని అంతవరకే.

ఈ కేసు తర్వాత నేను రెండు మార్చాను. ఖాతా డేటా ఫైలు చేతికి రాకుండా ఇప్పుడు పని మొదలుపెట్టను. పాస్‌వర్డ్ మర్చిపోయామంటే పక్కనే కూర్చుని రీసెట్ చేయిస్తాను. ఆ ఐదు రోజులు పోకుండా ఉంటే ఆయనకు క్షమాపణ రాసుకోవడానికి ఇంకొంచెం తీరిక దొరికేది.

రెండోది, నా మొదటి ప్రశ్న. ఇదివరకు "వివాదాస్పద పోస్టులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగేవాణ్ని. అందరూ లేవనే అనేవాళ్లు, అబద్ధమని కాదు, వాళ్లకు నిజంగా గుర్తుండదు. ఇప్పుడు "ఈ పదేళ్లలో ఏ విషయంలో మీ మనసు మారింది?" అని అడుగుతున్నాను. మనిషి కాసేపు ఆలోచిస్తాడు, తర్వాత చెప్పడం మొదలుపెడతాడు. ఆ చెప్పిన విషయం మీద పాత రాతలు వెతికితే దాదాపు ప్రతిసారీ దొరుకుతున్నాయి. ఆ వెంటనే, మారినట్టు చూపించే కాగితం ఉందా అని అడుగుతాను.

ఇది రాసేముందు ఆడిటర్ గారి పేజీ మళ్లీ తెరిచి చూశాను. 2016 పోస్టు అలాగే ఉంది, దాని కింద ఆయన మాట అలాగే ఉంది. ఇంకా కిందికి వెళితే ఈ మధ్య ఎవరో కుర్రాడు పెట్టిన కామెంట్ ఉంది. వాళ్ల నాయనమ్మ పేరులో ఒక అక్షరం తేడా వచ్చి పింఛను ఆగిందట. ఆడిటర్ గారి జవాబు ఒక్క లైను: "రెండు కాగితాలూ తీసుకుని సోమవారం ఆఫీసుకు రా బాబూ."